తుఫాన్లు చూసినవాళ్ళం, మంచుకి భయపడతామా?

అంబాజీపేట దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని సంగతి పోకుండా కుదించి చెబుతున్నాను.

ఆవిడకి ముప్పై ఆరేళ్ళు. భర్తది కొబ్బరికాయల వ్యాపారం. తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. సంక్రాంతి పండగ వెళ్ళాక, ఈ నెల 24న మనాలి ప్రయాణం పెట్టుకున్నారు. వీళ్ళు నలుగురు, భర్త అక్కగారు, ఆవిడ భర్త, వాళ్ళబ్బాయి, ఉబ్బసం ఉన్న అత్తగారు, వెరసి ఎనిమిది మంది. ఢిల్లీ దాకా విమానం, అక్కణ్ణుంచి రాత్రి బస్సు. మనాలిలో మూడు రోజులు. ఒకరోజు సోలాంగ్‌లో మంచు ఆటలు, ఒకరోజు అటల్ టన్నెల్ దాటి లాహోల్ వైపు. ట్రావెల్స్ అతనికి తొంభై వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. మానుకుంటే పైసా తిరిగి రాదన్నాడట.

వారం రోజులుగా ఆవిడ ఫోన్‌లో మనాలి వైపు కులు, లాహోల్ జిల్లాలకి వాతావరణ శాఖ ఇచ్చిన ఆరెంజ్ హెచ్చరిక కనిపిస్తోంది. టీవీలో మంచులో ఇరుక్కున్న కార్ల వరసలు చూపిస్తున్నారు. భర్తతో అంటే విసుక్కున్నాడు. అందరూ ఉన్నప్పుడు అంటే ఆడపడుచు భర్త పకపకా నవ్వి, "ఆయ్, తొంభై ఆరు తుఫాను చూసినోళ్ళం అమ్మా, దూదిలాంటి మంచుకి భయపడతామేంటి?" అన్నాడు. "ప్రయాణం పెట్టుకుని అపశకునం మాటలేంటే" అంది ఆడపడుచు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆవిడ పేరు 'వాతావరణశాఖ'.

అసలు సంగతి చివరి పేజీలో ఉంది. 1996 నవంబర్ 6 రాత్రి ఆవిడకి ఏడేళ్ళు. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. నాన్న "పోయిందిరా దెబ్బ" అని తలుపు తీసి, గొడ్లపాకలో చూడిగేదె పలుపు విప్పడానికి వెళ్ళాడు. పావుగంట కూడా కాలేదు, గాలి రెండో వైపు నుంచి తిరగబడింది. కొబ్బరిచెట్టు పడి నాన్న కాలు నుజ్జయింది. ఇప్పటికీ ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. "మా ఆయనకి చెట్టు పడిందని తెలుసు గానీ, గాలి ఆగినప్పుడు వెళ్ళాడని నేనెప్పుడూ చెప్పలేదు. నేను పిరికిదాన్నా? ప్రయాణం ఆపమని పట్టుబట్టాలా, నోరు మూసుకుని స్వెట్టర్లు సర్దుకోవాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

చివరి పేజీలో రాసిందాన్ని మీరు మొదటి పేజీలో రాయాల్సింది. మీ ఇంట్లో కూడా మీరు అదే చేస్తున్నారేమో అనిపించింది. చెప్పాల్సింది కడుపులో పెట్టుకుని, ఫోన్‌లో రంగులు చూపించి వాదిస్తున్నారు. రంగుల మీద ఎవరైనా జోకులేస్తారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను, ముందు రంగుల లెక్క తేలుద్దాం.

మీరు చూసిన ఆరెంజ్ ఈ వారానిది. మీ ప్రయాణం రోజులకి సంబంధించింది కాదు. వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికలని నమ్మకంగా చెప్పగలిగేది నాలుగైదు రోజుల ముందు మాత్రమే. కాబట్టి 24న ఏం జరుగుతుందో ఇవాళ మీకూ తెలియదు, మీ అన్నయ్యగారికీ తెలియదు. చలికాలంలో ఆ కొండల మీద మంచు కురిపించేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే వాతావరణ అలజడులు. జనవరిలో ఒకటి వెళ్ళీ వెళ్ళకముందే ఇంకోటి బయల్దేరుతుంది. రెండింటి మధ్య మంచి ఎండ కాసే రోజులు దొరకచ్చు, దొరక్కపోవచ్చు. అంచేత 'వెళ్ళాలా వద్దా' అని ఇవాళ పోట్లాడుకోవడం మీ ఇద్దరికీ అనవసరం. 20వ తేదీ దాటాక చూస్తే ఆ మాటకి విలువ ఉంటుంది.

ఇక రంగుల అర్థం. ఇది మనవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మొదటిది ఎగరేశారని లంకల్లో ఎవరూ ఏడుపులు పెట్టరు. పడవ ఎక్కడుందో, గొడ్లు ఎక్కడున్నాయో చూసుకుంటారు. రెండోదానికి సామాను అటకెక్కిస్తారు. మూడోదానికి గట్టు మీదికి వచ్చేస్తారు. ఎల్లో, ఆరెంజ్, రెడ్ కూడా అంతే. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని, రెడ్ అంటే ఆలోచనలు చాలించి కదలమని. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే బండి దింపేవాణ్ణి మీ అన్నయ్యగారు ధైర్యవంతుడంటారా? నాలుగు తిట్టి వెనక్కి పంపిస్తారు. ఆయన్ని ఈ మాట అడిగి చూడండి. నవ్వుతూనే అడగండి.

ఆయన మాటని నేను తీసిపారేయను. తొంభై ఆరు చూసినవాళ్ళ గుండె గట్టిదే. ఒక్క రాత్రిలో కోనసీమ తోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యిమందికి పైగా పోయారు. దాన్ని తట్టుకుని మళ్ళీ మొక్క నాటినవాళ్ళకి మంచు ఒక లెక్కా అనిపించడం సహజం. కానీ తుఫాను మన ఇంటికి వస్తుంది. ఏ గోడ గట్టిదో, ఏ చెట్టు ఒరిగి ఉందో, నీరు ఎటు నుంచి వస్తుందో మనకి తెలుసు. కాకినాడ రేవులో పదో నెంబరు ఎగరేశారంటే ఏం చెయ్యాలో తాత చెప్పాడు. మనాలిలో మనమే మంచు ఇంటికి వెళ్తున్నాం. రోడ్డు పక్కన ఉన్నది లోయో, మంచు కప్పేసిన గట్టో కూడా తెలియని చుట్టాలం. పైగా తుఫాను హోరున అరిచి మరీ వస్తుంది. మంచు చప్పుడు చెయ్యదు. ఆయన దూది అన్నారే, ఆ మాట నిజం. దూదిలాగే పడుతుంది, అందుకే ఎవరూ లేచి చూడరు.

2022 జనవరిలో పాకిస్తాన్‌లో ముర్రీ అనే కొండ ఊళ్ళో ఇదే జరిగింది. మంచు చూద్దామని కుటుంబాలతో కార్లలో వచ్చారు. హెచ్చరికలు ఉన్నాయి. రాత్రికి చెట్లు కూలి, దారి మూసుకుపోయి, బళ్ళు వరసగా ఆగిపోయాయి. చలిగా ఉంటుంది కదా, అద్దాలు ఎక్కించి, ఇంజిన్ ఆన్ చేసి, హీటర్ పెట్టుకుని పడుకున్నారు. బయట మంచు పేరుకుంటూ ఉంటుంది. ముందు టైరు మునుగుతుంది, తర్వాత బండి వెనక పొగ గొట్టం మునుగుతుంది. బయటికి పోవాల్సిన పొగ కారులోకి చేరుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు. కాస్త తలనొప్పి, కాస్త మత్తు, అంతే. చలికీ, ఆ వాయువుకీ తెల్లారేసరికి ఇరవై మందికి పైగా కార్లలోనే పోయారు, పిల్లలతో సహా. వాళ్ళలో పిరికివాళ్ళూ, మొండివాళ్ళూ ఎవరో నాకు తెలియదు. సెలవుకి వచ్చిన మామూలు జనం, మీలాగే.

మన వైపూ చూడండి. 2024 డిసెంబర్ చివర్లో సోలాంగ్ దగ్గర ఒక్కసారిగా మంచు పడి వందల బళ్ళు ఇరుక్కుపోతే, పోలీసులు వేలమందిని కిందికి దించారు. అక్కడి వాళ్ళకి అలవాటుంది కాబట్టి ప్రాణాలు దక్కాయి. కానీ నాలుగేళ్ళ పాపతో ఆ వరసలో ఆరేడు గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో మీ ఆయన్ని ఊహించుకోమనండి.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వద్దాం. ఆ రాత్రి మీ ఊళ్ళో గాలి ఆగింది తుఫాను పోయి కాదు, దాని కన్ను, అంటే నడిమధ్య గాలి ఆడని చోటు, మీ ఊరి మీదికి వచ్చి. కన్ను దాటగానే అప్పటిదాకా ఉత్తరం నుంచి కొట్టిన గాలి దక్షిణం నుంచి కొడుతుంది. ఒకవైపు గాలికి వేళ్ళు కదిలిన చెట్టు రెండో వైపు గాలికి కూలిపోతుంది. మీ నాన్నగారిని తుఫాను కంటే ఎక్కువగా మోసం చేసింది ఆ నిశ్శబ్దం.

కొండల్లో అలాంటి నిశ్శబ్దమే ఉంటుంది. రెండు రోజులు మంచు కురిసి ఆగుతుంది. పొద్దున్నే ఆకాశం నీలంగా, ఎండ మిలమిలలాడుతూ, ఫొటోలకి అంతకంటే మంచిరోజు దొరకదన్నట్టు ఉంటుంది. హోటళ్ళలో ఉన్న జనమంతా ఒకేసారి బయటపడతారు. మంచు చరియలు జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే. కొత్త మంచు పాత మంచు మీద ఇంకా అతుక్కోదు, ఎండ తగిలి బరువెక్కుతుంది, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట పలకలా విరిగి జారుతుంది. దాని కింద పూడుకుపోయిన మనిషిని పావుగంటలో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత చకచకా తగ్గిపోతుంది. అందుకే మంచు చరియల హెచ్చరికని రక్షణ శాఖకి చెందిన డీజీఆర్ఈ సంస్థ వేరుగా ఇస్తుంది. ఫోన్‌లో వాతావరణం పచ్చగా ఉన్నా ఆ హెచ్చరిక నడుస్తూ ఉండచ్చు. మీ ఇంట్లో ఈ ఒక్క సంగతి తెలిసినది మీకే, అదీ ఏడేళ్ళప్పటి నుంచి. దాన్ని పిరికితనం అనను.

సరే, ఏం చెయ్యచ్చు?

పూర్తిగా మానిపించచ్చు. మీరు అన్నం మానేసి మంచం ఎక్కితే మీ ఆయన ఆపుతాడు, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ తొంభై వేలు పోయాయన్న మాట మీ పేరుతో ఇంట్లో పదేళ్ళు తిరుగుతుంది. 24న అక్కడ బంగారంలాంటి ఎండ కాసిందని టీవీలో చూపిస్తే ఇక చెప్పక్కర్లేదు. 24 ముందు రెడ్ హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఈ మాటలన్నీ పక్కన పెట్టి ఆపేయండి. తొంభై వేలకి ఎవరి కాలూ రాదు.

వాయిదా వెయ్యచ్చు. ట్రావెల్స్ అతను డబ్బు ఇవ్వనన్నాడు గానీ తేదీ మార్చనన్నాడా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు, అంటే బహుశా ఎవరూ అడగలేదు. రెండూ వేరు. కొంత కోసుకుని తేదీ మార్చేవాళ్ళు ఉంటారు, రాతపూర్వకంగా అడిగించండి. ఏప్రిల్ దాకా పిల్లల పరీక్షలు. రోహ్‌తాంగ్ కనుమ మామూలుగా మే నెలలో తెరుస్తారు, పర్మిట్ తీసుకుని వెళ్తే అక్కడ అప్పటికీ రోడ్డుకి అటూ ఇటూ మంచు గోడలు ఉంటాయి. పిల్లలకి కావలసింది మంచు, జనవరి కాదు. కాకపోతే మేలో జనం విపరీతం, మీ ఆయన వ్యాపారానికి అప్పుడు కుదురుతుందో లేదో నాకు తెలియదు.

మీరు, పాప, అత్తగారు ఆగిపోయి మిగతావాళ్ళని పంపడం ఇంకో దారి. వినడానికి బాగుంటుంది. కానీ మీ స్వభావం చూస్తే ఆ వారమంతా ఫోన్ పట్టుకుని మీరు ఇక్కడ పడే టెన్షన్, అక్కడ మంచులో ఉన్నవాళ్ళు పడేదానికంటే ఎక్కువే ఉంటుంది. పాప అలకని ఎవరు తీరుస్తారు?

అత్తగారి సంగతి మాత్రం విడిగా చూడాలి. ఆవిడ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే రాశారు, ఉబ్బసం అని. ఆవిడకి వెళ్ళాలనుందా? ఎవరైనా అడిగారా? కొడుకూ అల్లుడూ ముచ్చటపడుతున్నారని ఊరుకున్నారేమో. జనవరిలో ఢిల్లీ పొగమంచు గాలే ఉబ్బసానికి పెద్ద గండం, ఆపైన రాత్రంతా బస్సు, ఆపైన టన్నెల్ దగ్గర పదివేల అడుగుల ఎత్తు. మీరు చెబితే కోడలు వద్దంటోందని అవుతుంది. డాక్టరు చేత చెప్పించండి, లేదా ఆవిణ్ణి ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఆవిడ నోటితో "నేను రాలేనురా" అంటే మీ పని సగం అయిపోతుంది.

ఇక వెళ్ళడమే ఖాయమైతే, మీరు పోట్లాడాల్సింది షరతుల కోసం. అవి ఇక్కడ, మన ఉక్కపోతలో కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడికి వెళ్ళాక, 'ఇంత దూరం వచ్చి' అనే మాట మొదలయ్యాక ఎవరూ వినరు. రాత్రి బస్సు మానేసి పగటిపూట వెళ్ళమనండి. మంచు కరిగి రాత్రికి మళ్ళీ గట్టిపడితే రోడ్డు మీద కంటికి కనబడని గాజుపలకలా ఉంటుంది, అలవాటైన డ్రైవర్లే జారతారు. దారిలో మండీలోనో కులులోనో ఒక రాత్రి ఆగితే పిల్లలకీ హాయి. టన్నెల్ రోజు ఆరెంజ్ ఉంటే ఆ రోజు మనాలి బజారే చూస్తాం, అంతే, మళ్ళీ ఓటింగ్ లేదు. మంచు కురిసి ఆగిన మర్నాడు కూడా పైకి వెళ్ళేది లేదు. వెళ్ళిన రోజు మధ్యాహ్నం మూడింటికల్లా వెనక్కి తిరిగి ఉండాలి. టైర్లకి గొలుసులున్న బండి, అక్కడి డ్రైవరు. అతను వద్దంటే వద్దు. అతన్ని ఐదొందలు ఎక్కువిస్తాం పద అనే పని మీ అన్నయ్యగారు చెయ్యకూడదు. ఈ చివరిదాని దగ్గరే గొడవ వస్తుందని నా అనుమానం.

బట్టల గురించి ఒక మాట. మనకి 18 డిగ్రీలకే మంకీక్యాప్ వస్తుంది. నేను ఓ డిసెంబర్‌లో సిమ్లా వెళ్ళి, సాక్సు మీద చెప్పులేసుకుని మంచులో నడిచాను. పావుగంటకి కాలివేళ్ళు ఉన్నాయో లేవో చూసుకోవాల్సి వచ్చింది. జీన్సు, కాటన్ లోబట్టలు ఒకసారి తడిస్తే ఇక ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. పిల్లలకి ఉన్ని బట్టలు పొరలు పొరలుగా వేసి, పైన తడవని కోటు, గమ్‌బూట్లు అక్కడే అద్దెకి తీసుకోండి. పాప ఆడి ఆడి వణకడం మొదలెడితే లోపలికి తీసుకురండి. వణుకుతున్న పిల్ల వేడెక్కకుండానే వణకడం మానేసి, మాట ముద్దగా వస్తూ, నిద్రలోకి జారుతుంటే అది అలసట అనుకోవద్దు, వెంటనే తడిబట్టలు తీసి వెచ్చగా చుట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మన అలవాటు కొద్దీ బామ్ రాసి రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి. మగవాళ్ళు 'వెచ్చదనానికి' వేసుకునే రెండు పెగ్గులు చర్మానికి రక్తాన్ని తెచ్చి వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తాయి గానీ, ఒంట్లో వేడిని బయటికి వదిలేస్తాయి. ఇది మీరు చెప్పకండి, మీ ఆయన చేత చెప్పించండి.

హోటల్లో చలి ఎక్కువై బొగ్గుల కుంపటి ఇస్తే తలుపులేసుకుని దాంతో పడుకోవద్దు. ముర్రీ కార్లలో జరిగిందే గదిలోనూ జరుగుతుంది. ఉత్తరాదిలో ఏటా చలికాలంలో ఇలా కుటుంబాలకి కుటుంబాలు పోతున్నాయి. ఒకవేళ దారిలో బండి ఇరుక్కుంటే దిగి నడవకండి. ఇంజిన్ గంటకి పది నిమిషాలు మాత్రం వేసి, వేసే ముందు ప్రతిసారీ వెనక గొట్టం చుట్టూ మంచు తీసి, ఒక అద్దం వేలెడంత దించి ఉంచండి. చలికి ఫోన్ చార్జింగ్ తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. 112 కాకుండా జిల్లా విపత్తుల కంట్రోల్ రూమ్ నెంబరు 1077 కూడా రాసి పెట్టుకోండి. అత్తగారు వస్తే ఆవిడ మందులు, ఇన్‌హేలరు నాలుగు రోజులకి ఎక్కువే సర్దండి. అరిసెలూ జంతికలూ ఎలాగూ సర్దుతారు, వాటిని సూట్‌కేసులో అడుగున కాకుండా బండిలో చేతికందేలా పెట్టుకోండి.

ఇన్నీ చెప్పాక కూడా, మీ ఆయన మీరు చెబితే వింటాడా అన్నది మిగిలే ఉంది. నా ఉద్దేశంలో ఆయనకి మంచు కంటే బావగారి ముందు తగ్గడం కష్టంగా ఉంది. బావ నవ్విన తర్వాత పెళ్ళాం మాట విన్నట్టు కనబడకూడదు. అందుకే ఇకమీదట అందరి ముందు ఈ ఊసు ఎత్తకండి. ఆయన తనంతట తాను షరతులు పెట్టినట్టు ఉండాలి.

పండక్కి పుట్టింటికి వెళ్తున్నామని రాశారు. కనుమనాడు భోజనాలయ్యాక మామా అల్లుడూ ఎలాగూ అరుగు మీద కూర్చుంటారు. అప్పుడు మీరేమీ వివరించకుండా, "నాన్నా, ఆ రాత్రి గాలి ఆగినప్పుడు నువ్వు బయటికెందుకు వెళ్ళావు?" అని ఒక్క మాట అడగండి. అడిగేసి మీరు లోపలికెళ్ళి కాఫీ పెట్టండి. తొందరపడి తీసుకురావద్దు.